నాలుగు ఊపిర్ల ఆలస్యం

చెప్పేశాను. చర్చి గేటు పక్కన కుళాయి దగ్గర తమ్ముడు చేతులు కడుక్కుంటుంటే, గంట కొట్టడానికి ఇంకా ఐదు నిమిషాలుండగా, పదకొండేళ్లుగా నాలుక కింద దాచుకున్నదంతా బయటపెట్టేశాను, ఇప్పుడు నాలుగో బెంచీలో గోడవారగా కూర్చున్నాను, చొక్కా వీపుకి అంటుకుపోయింది, అయినా నవ్వొస్తోంది. పక్కనుంచి నా భార్య మోచేత్తో పొడిచింది. చూస్తే అందరూ లేచి నిలబడ్డారు, పాట మొదలైంది, నేనొక్కణ్ణే కూర్చుని ఉన్నాను. లేచాను. ఎంత చిన్న మాటలవి! ఆ రోజు గాదె మీద నేను వెంటనే బొత్తాం నొక్కలేదురా. నువ్వు కూరుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. నాలుగు ఊపిర్లు ఆగాను. కావాలనే ఆగాను, నాన్న నావైపు చూడాలని. అంతే. ఇన్నేళ్లూ ఇదేదో నోటికి పట్టనంత పెద్దదనుకున్నాను, తీరా చూస్తే ఇంట్లో ఉప్పయిపోయిందని చెప్పడానికి పట్టేంతసేపు కూడా పట్టలేదు. తమ్ముడు కుళాయి కట్టెయ్యలేదు. నీళ్లు వాడి వేళ్ల మీంచి కారిపోతూనే ఉన్నాయి, వాడు నా మొహంలోకి దారి అడిగిన కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. గంట కొట్టారు. తడి చేతులతోనే లోపలికి వెళ్లిపోయాడు. కుళాయి నేనే కట్టేసి వచ్చాను.

ఇప్పుడు ముందు బెంచీలో వాడి వీపు కనిపిస్తోంది. నిన్న జుట్టు కత్తిరించుకున్నట్టున్నాడు, మెడ మీద తెల్లటి చార పడింది. పాడటం లేదు. పాడలేడు కూడా, పదకొండేళ్లుగా వాడు పాటలకి పెదవులు మాత్రమే కదుపుతాడు, ఇవాళ ఆ పెదవులూ కదులుతున్నట్టు లేదు, వెనకనుంచి చూస్తే చెవి కింద దవడ బిగిసి ఉంది. ఏమనుకుంటున్నావురా? కోపంగా ఉందా? ఉండాలి. ఉండకపోతే నేను చెప్పింది నీకు అర్థం కాలేదన్నమాట. నువ్వు ఈ చర్చి పైకప్పు ఎగిరిపోయేలా అరిచినా నేను కదలను, నీ కోపం నాదే, దాన్ని నేనే నా చేత్తో తెచ్చి నీకిచ్చాను, కానీ చూడు, చిత్రంగా నాకు ఊపిరి ఎంత లోతుకి వెళ్తోందో! కడుపు దాకా వెళ్తోంది. అక్కడ ఇంత చోటుందని మర్చిపోయాను.

మా ఇద్దరిదీ ఒకే మిల్లు. పిండి మిల్లు. గోధుమలు నిలవ చేయడానికి ఆరు ఇనప గాదెలున్నాయి, ఒక్కొక్కటీ నాలుగంతస్తుల మేడంత ఎత్తు, పక్కన ఇనప నిచ్చెన, పైన మనిషి పట్టేంత మూత, మూత పక్కనే ఎర్ర బొత్తాం. అడుగున గేటు తెరిస్తే గోధుమలు జారి బెల్టు మీద పడతాయి, బెల్టు వాటిని మర దగ్గరికి మోసుకుపోతుంది, బొత్తాం నొక్కితే ఆగుతుంది. ఒక్కోసారి వానాకాలం చెమ్మకి గోధుమలు పైన గడ్డ కడతాయి, కింద ఖాళీ అవుతున్నా పైన పెంకులా నిలబడిపోతాయి. అప్పుడు ఒక మనిషి లోపలికి దిగి గెడతో పొడిచి ఆ పెంకు విరగ్గొట్టాలి. బెల్టు ఆపి దిగాలి, నడుముకి తాడు కట్టుకుని దిగాలి, పైన మూత దగ్గర ఒకడు కాపలా ఉండాలి. ఆ రోజు లారీలు మిల్లు గేటు దాకా బారులు తీరాయి. బెల్టు ఆపితే మళ్లీ నడిపించడానికి గంట పడుతుంది, రెండు పోట్లు పొడిచి వచ్చేస్తాను అన్నాడు తమ్ముడు. తాడు కూడా కట్టుకోలేదు. వాడు సూపర్‌వైజరు, మాట వాడిది. నేను మూత దగ్గర కాపలా.

నేను వాడికంటే ఆరేళ్లు పెద్ద. మిల్లులో వాడికి పని నేర్పింది నేనే. మర శబ్దం విని లోపల రాయి పడిందో లేదో చెప్పడం, పిండిని వేళ్ల మధ్య రాసి తడి ఎంతుందో పసిగట్టడం, అన్నీ నేనే నేర్పాను, నేర్పి పక్కకి తిరిగేసరికి వాడు సూపర్‌వైజరయ్యాడు. దాన్ని ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వేరే ఉంది. వాడు పాడేవాడు. ఈ చర్చిలోనే, అదిగో ఆ మెట్టు మీద నిలబడి, ఏ వాయిద్యమూ లేకుండా, కళ్లు మూసుకుని పాడితే పసిపిల్లలు కూడా ఏడుపాపేవారు, మా నాన్న ముందు బెంచీలో కూర్చుని గడ్డం పైకెత్తి, నోరు కొంచెం తెరిచి వినేవాడు. ఆ మొహం! ఆ మొహం మా నాన్న నావైపు ఎన్నడూ తిప్పలేదు. నన్ను చూస్తే ఆయనకి చెయ్యాల్సిన పనులు గుర్తొచ్చేవి. పెద్దాడా, పైపు కారుతోంది. పెద్దాడా, మందులయిపోయాయి. పెద్దాడా, తమ్ముడొచ్చాడేమో చూడు. నేను చూసేవాణ్ణి, తెచ్చేవాణ్ణి, బాగుచేసేవాణ్ణి, ఒక్కసారైనా ఎదురు చెప్పలేదు, లోపల మాత్రం ఏదో ఒకటి రోజూ ఇంత తిని ఇంత బలిసేది.

పెంకు విరిగింది. వాడు అనుకున్నదానికంటే ముందే, వాడు నిలబడ్డ చోటే విరిగింది. మోకాళ్ల దాకా ఒక్క పట్టున దిగిపోయాడు. అన్నయ్యా అన్నాడు, భయంతో కాదు, కొంచెం నవ్వుతూనే, నేను ఆపేస్తానని వాడికి తెలుసు కనక. నా అరచెయ్యి అప్పటికే బొత్తాం మీద ఉంది. చల్లగా ఉంది బొత్తాం. మొదటి ఊపిరి. గింజలు వాడి తొడల దాకా వచ్చాయి. ఇలాగే పోతే? అంది నా లోపల ఒక మాట. దానికి గొంతుంది, అది నా గొంతే. రెండో ఊపిరి. నడుము దాటాయి, వాడు గెడ వదిలేసి రెండు చేతులూ చాచాడు. ఇలాగే పోతే ఇక ముందు బెంచీలో కూర్చునే ఆయనకి నేనొక్కణ్ణే మిగులుతాను కదా అంది ఆ మాట. మూడో ఊపిరి. వాడి నవ్వు పోయింది. వాడు నావైపు చూశాడు, నేను వాడివైపు చూశాను. నాలుగో ఊపిరికి గింజ వాడి చంకల దగ్గరికొచ్చింది, అప్పుడు నొక్కాను. బెల్టు ఆగేలోపు గడ్డం దాకా వచ్చింది. కేకలు వేశాను, తాడు విసిరాను, గింజ మళ్లీ మీద పడకుండా చుట్టూ రేకులు దించి తోడించాను, రెండు గంటలు పట్టింది, గోళ్లు ఊడి రక్తం కారేలా తవ్వాను, జనం అదే చూశారు. నాలుగు పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి నలిగింది వాడికి. మోకాళ్ల దగ్గర నొక్కి ఉంటే ప్యాంటు దులుపుకుని పైకి వచ్చేసేవాడు. మళ్లీ ఆదివారం పాడేవాడు.

పాట అయిపోయింది. కూర్చున్నాం. పాస్టరుగారు బైబిలు తెరిచి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకునే తీరు చూస్తే ఇవాళ ప్రసంగం పొడుగని తెలుస్తుంది. పొడుగే కానీ, ఎంతసేపైనా చెప్పండి, నేను వింటాను, ఇన్నాళ్లూ ఈ బెంచీలో కూర్చుని చెవులు మూసుకోకుండానే మూసుకున్న మనిషిని, ఇవాళ వినగలను. ఎందుకు వినలేదో మీకు తెలుసా పాస్టరుగారూ? మీరు దొంగతనం గురించి చెబితే హాయిగా వినేవాణ్ణి, తాగుడు గురించి చెబితే తల ఊపేవాణ్ణి, గుండె అనే మాట రాగానే కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

మొదటిసారి నాకు గుండె సంగతి చెప్పింది సండే స్కూలు టీచరమ్మ. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అన్నదమ్ములిద్దరి కథ చెప్పింది, లోకంలో మొట్టమొదటి అన్నదమ్ములు, తమ్ముడి కానుక దేవుడికి నచ్చింది, అన్నది నచ్చలేదు, అన్న మొహం మాడ్చుకున్నాడు. పొలంలోకి తీసుకెళ్లి చంపకముందే దేవుడు ఆ అన్నతో మాట్లాడాడట, పాపం నీ గుమ్మం దగ్గరే నక్కి కూర్చుంది, అది నిన్ను కావాలంటోంది, నువ్వే దాన్ని లొంగదీసుకోవాలి అన్నాడట. నేను చెయ్యెత్తి అడిగాను, అప్పటికింకా చంపలేదు కదా టీచర్, మరి తప్పేంటి, చెయ్యకపోతే పాపమెలా అవుతుంది అని. ఆవిడ నవ్వి మమ్మల్నందరినీ గది శుభ్రం చెయ్యమంది. ఆ పొద్దుటినుంచీ గదిలో ఏదో కంపు. ఊడ్చాం, తుడిచాం, కిటికీలు తెరిచాం, ఒకడు ఇంట్లోంచి సెంటు తెచ్చి చల్లాడు, సెంటుతో కలిసి ఆ కంపు ఇంకా ఘోరంగా తయారైంది. చివరికి ఆవిడే తన బల్ల సొరుగు లాగింది. ఎలుక. చచ్చి ఎన్నాళ్లయిందో. అందరం చీ అంటూ పరిగెత్తాం. ఆవిడ సొరుగుని అలాగే ఎత్తుకుని బయటికి తీసుకెళ్లి కడిగి ఎండలో పెట్టింది. సొరుగు మూసి ఉన్నంత మాత్రాన గదికి కంపు రాకుండా ఉందా అంది నన్ను చూసి. దేవుడు చూసేది సొరుగు లోపల అంది. నాకర్థమైంది. అర్థమయ్యే, పెద్దయ్యాక సెంటు చల్లే పని పెట్టుకున్నాను.

ఎంత చల్లానో! తమ్ముడు ఆసుపత్రిలో ఉన్న మూడు నెలలూ వాడికి స్నానం నేనే చేయించాను. వాడి ఇంటి కప్పు వేసింది నేనే. వాడి పిల్లని బడికి తీసుకెళ్లేది నేనే. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు నేను వాలిపోయేవాణ్ణి. ఊరంతా నాకు పెద్దమనసు అని పేరు పెట్టింది, కొత్తగా వచ్చినవాళ్లు అదే నా అసలు పేరనుకుంటారు, ఒకావిడ ఉత్తరం మీద కూడా అలాగే రాసింది. పెద్దమనసుగారికి. ఆ మనసులో ఏముందో తెలిసినవాణ్ణి కింద నేనొక్కణ్ణే, పైన దేవుడొక్కడే. మా నాన్న చివరి రోజుల్లో మంచం మీద నా చెయ్యి రెండు చేతుల మధ్య పట్టుకుని, గడ్డం పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, నావైపు చూశాడు. నీవల్లే వాడు మిగిలాడురా పెద్దాడా అన్నాడు. ఆ మొహం! నేను ముప్ఫై ఏళ్లు ఎదురుచూసిన మొహం! అది నావైపు తిరిగింది, నేను దాన్ని చూడలేక కిటికీ పరదా సర్దడానికి లేచాను. దొంగిలించిన అన్నంలా ఉంది అది, నోట్లో పెట్టుకున్నాను కానీ మింగలేకపోయాను. ఆయన పోయేలోపు చెప్పాల్సింది. చెప్పలేదు. అది కూడా నా ఖాతాలోదే, ఎవరి మీదికీ తోసెయ్యను.

పాస్టరుగారు సరిగ్గా అక్కడికే వచ్చారు. మనిషిని మురికి చేసేది బయటినుంచి లోపలికెళ్లేది కాదట, లోపలినుంచి బయటికొచ్చేదేనట. సొంత అన్నదమ్ముల మీద పగ పెట్టుకున్నవాడు కత్తి పట్టకపోయినా హంతకుడేనట. గుండెని మించిన మాయలమారి లేదు, అది మొదట మోసం చేసేది దాని యజమానినే అంటున్నారు. ఔనండీ! నా గుండెకి ఎన్ని వాదనలొచ్చో మీకు చెప్పాలంటే ఈ ఆదివారం చాలదు. చివరికి నొక్కావు కదా అనేది. కాపాడావు కదా అనేది. భయంతో చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది, అది ఎవరికైనా జరిగేదే అనేది. బెల్టు ఆపకుండా, తాడు కట్టకుండా దిగమని నువ్వు చెప్పావా, తప్పు వాడిదే అనేది. ఈ చివరిది చాలా తియ్యగా ఉండేది. ఒక్కోసారి నేనే నమ్మేవాణ్ణి, రెండు మూడు నెలలు హాయిగా గడిచేవి, ఈలోగా వాడు నిచ్చెన ఎక్కి నాలుగో మెట్టు దగ్గర ఆగి ఆయాసపడేవాడు, నా తీపి విరిగిపోయేది. నా చెయ్యి బిగుసుకుపోలేదు. నాకు తెలుసు. చెయ్యి బాగానే ఉంది. ఆగమన్నది నేను.

ఏటా ఇదే వారం తమ్ముడు మెట్టెక్కి సాక్ష్యం చెప్తాడు. మా అన్నయ్య చెయ్యి బొత్తాం మీద లేకపోతే నేనివాళ లేను అంటాడు, గొంతు మధ్యలో తెగుతుంది, జనం కళ్లు తుడుచుకుంటారు, నేను నేలకేసి చూస్తాను, ఎంత వినయమో అనుకుంటారు. పదిసార్లు విన్నాను. పదకొండోసారి ఇవాళ. దానికి తోడు నిన్న పొద్దున పాస్టరుగారు ఇంటికొచ్చి, రేపు ఆరాధనలో మిమ్మల్ని సంఘ పెద్దగా ప్రకటిస్తాం, మీ తమ్ముడి సాక్ష్యం అవగానే అన్నారు. నేను సరేనన్నాను. సరే అన్న నోరు నాదే! కానీ అప్పటికే మొన్నటి మాట నాలో దిగబడి ఉంది. మిల్లులో కొత్తగా చేరిన ఒక ఆవిడకి మూత దగ్గర కాపలా నేర్పుతున్నాను, నలభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లల తల్లి, ప్రతిదీ రెండుసార్లు అడిగి తెలుసుకుంటుంది. ఇక్కడ నిలబడినవాళ్లకి ఒకటే పనమ్మా, మనిషి జారడం చూడగానే నొక్కడం అన్నాను. చూడకపోతే? అంది. చూపు తిప్పకూడదు అన్నాను. చూసి కూడా నొక్కకపోతే? అంది, అని తనే నవ్వేసి, నా పిచ్చిగానీ చూస్తూ చూస్తూ నొక్కనివాళ్లుంటారాండీ అంది.  నిచ్చెన దిగి గాదె వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను.

నిన్న సాయంత్రం నా భార్యకి చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. చేతిలో చొక్కా మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది. తర్వాత, నాకు చెప్పి తేలికపడదామనుకుంటున్నారా అంది, నేనేమైనా గోధుమల్లో కూరుకుపోయానా, ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పండి అంది.  ఇవాళ పొద్దున మాత్రం ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది.

పాస్టరుగారు ముగింపుకొచ్చారు. ఒప్పుకున్నవాణ్ణి దేవుడు కడుగుతాడు, రాయిలాంటి గుండె తీసేసి కొత్తది పెడతాడు అంటున్నారు. ఆ మాట నాకు ఎప్పుడూ పిల్లల్ని బుజ్జగించే మాటలా వినబడేది. ఇవాళ అది వార్తలా వినబడింది, ఆసుపత్రి నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చి బతికాడండీ అని చెప్పినట్టు. అవును, అయ్యింది! గేటు దగ్గర కుళాయి పక్కనే అయ్యింది! పదకొండేళ్లు గుమ్మం దగ్గర కూర్చున్నదాని మెడ పట్టుకుని బయటికి లాగాను, అది ఎంత పీలగా ఉందో! చీకట్లో ఉన్నంతసేపే దానికి అంత ఒళ్లు. తమ్ముడు నన్ను క్షమించకపోవచ్చు. ఈ జన్మకి నా మొహం చూడకపోవచ్చు. అది వాడి హక్కు, నేను ఏడుస్తాను, భరిస్తాను. కానీ నేనిక వాడి ముందు నటించను. ఇది చాలు నాకు, ఇది నాకు దేవుడిచ్చిన గెలుపు.

"బ్రదర్, ముందుకి రండి. ఈ ఏడు సాక్ష్యం వినడానికి అందరం ఎదురుచూస్తున్నాం," అన్నారు పాస్టరుగారు.

తమ్ముడు లేచాడు. మెట్టెక్కాడు. ఎప్పుడూ ఉపోద్ఘాతంగా ఒక చిన్న దగ్గు దగ్గుతాడు, అదీ లేదు. ఎవరివైపూ చూడకుండా, చర్చి వెనక గోడమీది గడియారం వైపు చూశాడు, అక్కడ ముల్లు కదలడం నాక్కూడా వినిపించింది. "ఈ ఏడు నా దగ్గర మాట లేదు," అన్నాడు. దిగి, బెంచీలో కూర్చోకుండా, పక్క తలుపులోంచి బయటికి వెళ్లిపోయాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయాసమొచ్చి ఉంటుందని ఎవరో గుసగుసలాడారు. పాస్టరుగారు తడబడి, సర్దుకుని, సరే, మరి మన పెద్దమనసుగారిని పిలుద్దాం అన్నారు.

వెళ్లాను. ఆ మెట్టు అంత చిన్నదని నాకు తెలియదు, ఇద్దరు నిలబడితే చాలదు. ముందు ఎన్ని మొహాలు! నేను కప్పులు వేసిన ఇళ్లవాళ్లు, నేను మోసిన శవపేటికల తాలూకు వాళ్లు, సండే స్కూలు టీచరమ్మ కూడా ఉంది, ముసలిదైపోయి చక్రాల కుర్చీలో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. మాటలు సిద్ధం చేసుకోలేదు. "నన్ను పెద్దగా పెట్టకండి," అన్నాను. "మా తమ్ముడు పదేళ్లుగా మీకు చెప్పినదాంట్లో వాడికి తెలియని ముక్క ఒకటుంది. ఇవాళ పొద్దునే వాడికి చెప్పాను. నేను బొత్తాం ఆలస్యంగా నొక్కాను. వాడు చచ్చిపోతే బాగుండుననుకున్నాను. మా నాన్న నన్ను చూడాలని అలా అనుకున్నాను. వాడి పాట పోయింది నావల్ల. మీరు పెట్టిన పేరు నాది కాదు. తీసేసుకోండి." ఒకరు అయ్యో అన్నారు. ఒకాయన లేచి బయటికెళ్లిపోయాడు, ఆయన ఇంటికి తలుపులు బిగించింది నేనే, ఫర్వాలేదు, వెళ్లనీ. పాస్టరుగారి నోరు తెరుచుకునే ఉంది, పాపం ఆయన కాగితంలో దీని తర్వాత చప్పట్లు అని రాసుకున్నారు. టీచరమ్మ మాత్రం నావైపు చూసి, చెవి దగ్గర చెయ్యి దించి, తల ఒక్కసారి ఊపింది. నేను పక్క తలుపు వైపు నడిచాను. నడిచానా, పరిగెత్తానా? ఎండ కళ్లలో కొట్టింది.

వాడు ప్రహరీ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఎదురొచ్చాడు. చెంప మీద కొట్టాడు. వాడు నన్ను కొట్టడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి, చిన్నప్పుడు ఆటల్లో కూడా అన్నయ్య మీద చెయ్యెత్తనివాడు, చెవిలో గంట మోగేలా కొట్టాడు, కొట్టి, వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆయాసం తీరేదాకా అలాగే ఉన్నాడు. నేను వాడి పక్కనే నిలబడ్డాను. వాడి వీపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాను. అడగకుండా వెయ్యకూడదనిపించింది.

"లోపల ఏం చెప్పావు?" అన్నాడు నేలకేసి చూస్తూనే.

"అంతా చెప్పాను."

"నాన్న గురించి కూడా?"

"కూడా."

వాడు నిటారుగా నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు నన్ను చూస్తున్నావని నాకు తెలుసు. ఆ రోజు. నీ కళ్లు చూశా. భయపడి చూస్తున్నావనుకున్నా. పదకొండేళ్లు ఆ కళ్లని తలుచుకుని, నాకోసం ఎంత భయపడ్డాడో మా అన్నయ్య అనుకున్నా." ఆగాడు. "ఇప్పుడు ఆ కళ్లని ఏం చేసుకోను?"

ఆ కళ్లు దించకుండా వాడికెదురుగా నిలబడ్డాను. 

"పర్లేదు అనమంటావా?"

"వద్దు."

"అననులే. పర్లేదంటే ఏమీ జరగలేదని. జరిగింది. నాకు పాట పోయింది. మెట్లెక్కలేను. నా కూతురు నేను పాడితే వినలేదు ఒక్కసారి కూడా." మొహం మోచేత్తో తుడుచుకున్నాడు. "జరిగింది కాబట్టే క్షమిస్తున్నా. ఏమీ జరగకపోతే క్షమించడానికేముంది? విను. రేపు పొద్దున లేచేసరికి మళ్లీ కోపమొస్తుంది నాకు. తెలుసు. వస్తే మళ్లీ క్షమిస్తా. ఎల్లుండి కూడా రావచ్చు. నువ్వు మాత్రం మా ఇంటికి రావడం మానెయ్యకు. మానేశావంటే అప్పుడు నిజంగా చంపుతా."

నేను ఏడ్చాను. ఎలా ఏడ్చానంటే, తొమ్మిదేళ్లప్పుడు కూడా అలా ఏడవలేదు, ముక్కు కారుతూ, వెక్కిళ్లు పెడుతూ, చర్చి ప్రహరీ మీద కూర్చున్న పావురాలు లేచిపోయేలా. ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది, రెండూ ఒకదాని కాళ్లకి ఒకటి అడ్డం పడ్డాయి. లోపల ఆఖరి పాట మొదలుపెట్టారు, ఎవరో తప్పు శ్రుతిలో ఎత్తుకున్నారు, తమ్ముడు మొహం చిట్లించాడు. ఘోరం అన్నాడు. నిజంగా ఘోరంగానే ఉంది. ఆ ఘోరమైన పాట నాకు ఒళ్లంతా పాకింది, ఒక్కొక్క మాటా నాకోసమే రాసినట్టు, కడిగావు అంటే నన్నే, లేపావు అంటే నన్నే, నా చెంప మండుతోంది, ఆ మంట కూడా బాగుంది, ఎవరికీ తెలియని నొప్పి కాదు అది, అందరికీ కనిపించేది, దాని కారణం ఊరంతటికీ తెలిసినది.

"పద," అన్నాడు తమ్ముడు.

"ఎక్కడికి?"

"మీ మరదలికి ఎవరు చెప్తారు? నేను చెప్పను. దాని డ్యూటీ పన్నెండుకి అయిపోతుంది. అది నాకంటే గట్టిగా కొడుతుంది, చెప్తున్నా."

మా మరదలు నర్సు. ఆ మూడు నెలలు వార్డులో వాడి విరిగిన ఎముకలకి కట్లు మార్చింది తనే, వాడికి మళ్లీ ఊపిరి పీల్చడం నేర్పింది తనే, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో బంతిని పైకి లేపమని రోజుకి ఇరవైసార్లు పోరుపెట్టి, వాడు లేపిన రోజు వార్డంతా వినబడేలా కేక పెట్టిన మనిషి, తర్వాత ఆ మొండివాణ్ణే పెళ్లి చేసుకుంది. వాడి ప్రతి ఊపిరి విలువా తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నాలుగు ఊపిర్లంటే ఏమిటో ఆవిడకి నేను వివరించక్కర్లేదు. భయమేసింది. భయమేసినా కాళ్లు నడుస్తూనే ఉన్నాయి, దారిలో కొట్లు తెరిచి ఉన్నాయి, ఒకాయన నిచ్చెనెక్కి బోర్డు తుడుస్తున్నాడు, సైకిల్ మీద ఒక పిల్ల గంట కొడుతూ పోయింది, ఈ వీధి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు, అయినా ఇవాళ ప్రతి తలుపూ ఏ రంగుదో కొత్తగా చూస్తున్నాను. తమ్ముడు నా పక్కన నడుస్తున్నాడు.  

ఆసుపత్రి వసారాలో మరదలు చేతి గడియారం చూసుకుంటూ వచ్చింది. మా ఇద్దరినీ చూసి అడుగులు వేగంగా వేసింది.

"ఏంటి బావగారూ, ఇద్దరూ కలిసి వచ్చారు? పాపకేమైనా అయిందా? ఆ చెంపేంటి, అలా వాచింది? ఎక్కడ పడ్డారు?" అంటూనే నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురువైపు తిప్పింది.

"పాప బాగానే ఉంది. నువ్వు ముందు కూర్చో," అన్నాడు తమ్ముడు. "బావగారు నీకో మాట చెప్తారు."

ఆవిడ నా గడ్డం వదల్లేదు. నా కళ్లలోకే చూస్తోంది. అక్కడ దాచడానికి నాకేమీ లేదు.

"చెప్పండి," అంది.

చెప్పాను.